తప్పంతా బల్లిదే

వేలూరు దగ్గర మా గుడియాత్తంలో ఏ కంప్యూటరు చెడినా దానికి కారణం బల్లి. అలా అని తేల్చేవాడు రిపేరు దేవేంద్రన్. వైరస్ అన్నా ఒప్పుకోడు, వోల్టేజీ అన్నా ఒప్పుకోడు. పెట్టె విప్పుతాడు, లోపలికి టార్చి కొడతాడు, పెద్ద డాక్టరులా తల ఆడిస్తాడు. తరువాత ఒకటే మాట: "బల్లి చేసిన పని ఇది."

నా ఫోటో స్టూడియోకూ అతని దుకాణానికీ మధ్య ఒకటే గోడ. ఆ బల్లి చేసిన ఘోరాలన్నీ చెవులారా విన్నవాణ్ణి నేను.

ఒకసారి రాఘవులు మేస్త్రీ తన ల్యాప్‌టాప్ మీద టీ ఒలకబోసుకుని వచ్చాడు. వెనకే అతని భార్య హేమప్రియ, కళ్ళెర్రజేసి నిలబడింది. దేవేంద్రన్ కీబోర్డు వాసన చూసి, "బల్లి ఉచ్చ పోసినాదమ్మా," అన్నాడు.

"ఏలక్కాయ వాసన వస్తా ఉండాది గదప్పా?"

"టీ కొట్టు బల్లి అయ్యుంటాది లేమ్మా."

ఇంకోసారి వేలూరులో ఒక ఆఫీసుకు అతనితో నేనూ వెళ్ళాను. అక్కడి గుమాస్తా ఫైళ్ళన్నీ చెరిపేసుకుని, మేనేజరు ముందు చెమటలు కక్కుతున్నాడు. దేవేంద్రన్ ఫైళ్ళన్నీ వెనక్కి తెచ్చిపెట్టి, "బల్లి మీటల మీద నడిచినాది సార్," అన్నాడు.

మేనేజరు వదల్లేదు. "సరే, నడిచింది. 'నిజంగా చెరిపేయాలా?' అని కంప్యూటరు మళ్ళీ అడుగుతుంది కదా. దానికి 'అవును' అన్నది కూడా బల్లేనా?"

"వేలూరు బల్లి గదా సార్. చదువుకున్నది."

మేనేజరు కూడా నవ్వేశాడు. గుమాస్తా బతికిపోయాడు.

మొన్నామధ్య ఒక ఉదయం లుంగీలు నేసే ఎల్లప్ప నుంచి ఫోను. "దేవేంద్రా, పరిగెత్తి రాప్పా! కంప్యూటరు హార్డు డిస్కే లేదంటా ఉండాది! సాయంత్రం వేలూరు నుంచి బేరగాళ్ళు వస్తా ఉండారు!"

నా స్కూటరు మీదే వెళ్ళాం. ఇల్లు దద్దరిల్లిపోతోంది.

"ఎవురు ముట్టినారు దీన్ని?" ఎల్లప్ప అరుస్తున్నాడు.

"నేను యాడ ముట్టినాను? పొద్దున చిమ్మింది ఎవురో వాళ్ళనే అడుగు," అంది అతని భార్య చెల్లమ్మ, కొత్త కోడలి వైపు చూస్తూ. నాట్రంపల్లి నుంచి ఈమధ్యే కాపురానికి వచ్చిన కలైయరసి తలుపు చెక్కను పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

దేవేంద్రన్ బల్ల కిందికి దూరాడు. నేను టార్చి పట్టాను. పెట్టె అడుగు మూల సొట్టపోయి ఉంది. కొత్త సొట్ట. అతనూ చూశాడు, నేనూ చూశాను. అతను ఆ మూలను గోడవైపు తిప్పేశాడు.

డిస్కు పేరు కనిపించాల్సిన చోట తెర మీద ఖాళీ. తీగ ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. ఖాళీ. కరెంటు తీగ మార్చాడు. అప్పుడూ ఖాళీయే.

ఎల్లప్ప మగ్గం మీద కూలబడ్డాడు. "మా నాయన నేసిన లుంగీల గళ్ళన్నీ దాంట్లోనే ఎక్కించి పెట్టినానప్పా. ఆ లుంగీలు చినిగిపోయినాయి. ఇంక యాడ తెచ్చేది?"

"ఇంకో కాపీ ఉండాదా?"

లేదన్నట్టు తల ఊపాడు. దేవేంద్రన్ ముఖంలో నవ్వు పోయింది. డిస్కు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"తిరగతా ఉండాది!" అన్నాడు. "డిస్కు బాగానే ఉండాది. దోవే చెడినాది."

తీగ గుచ్చే సాకెట్టు వదులై ఊగులాడుతోంది. సంచిలోంచి కొత్త తీగ తీసి పక్క సాకెట్టుకు తగిలించి, స్విచ్చి వేశాడు. ఖాళీగా ఉన్న చోట డిస్కు పేరు వచ్చింది! కాసేపటికి ఎర్రగళ్ళు, పచ్చగళ్ళు, నీలిగళ్ళు వరసగా తెర మీదికి వచ్చాయి. ఎల్లప్ప వేసిన కేకకు పక్కింటి మగ్గాలు ఆగిపోయాయి. దేవేంద్రన్ తల నిండా బూజుతో, స్క్రూడ్రైవరు కత్తిలా ఎత్తి పట్టుకుని బయటికి వచ్చాడు. ఇంకో డిస్కులోకి కాపీ ఎక్కేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

"ఇంతకీ ఏమైందప్పా?" చెల్లమ్మ మళ్ళీ కోడలి వైపే చూసింది.

"బల్లేనమ్మా. తీగ పట్టుకోని ఊగినాది."

"బల్లి ఊగితే సాకెట్టు ఊడతాదా?"

"మీ ఇంట్లో తిండికేం తక్కువ? బాగా బలిసినాది."

ఎల్లప్ప బల్లిని నాలుగు తిట్లు తిట్టి పకపకా నవ్వాడు. చెల్లమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కలైయరసి తలుపు వదిలేసి వంటింట్లోకి వెళ్ళి, లోటా నిండా కాఫీ తెచ్చి, "తాగన్నా," అంది అతనికి.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "ఆ సొట్ట నేను చూశాను. చిమ్మేటప్పుడు ఆ పిల్ల పెట్టెను పడేసుంటుంది, అంతేనా?"

"అంతేనన్నా."

"మరి ఆ బల్లి?"

"మిషను బాగైపోయినాది. ఇంక ఆ బిడ్డ ఎందుకు మాట పడాల? బల్లికేమి, అత్త ఉండాదా, మేనేజరు ఉండాడా? ఎంత తిట్టినా గోడెక్కి పోతాది."

సాయంత్రం వచ్చిన బేరగాళ్ళు ఎల్లప్ప తండ్రి గళ్ళనే ఏరుకుని, వీధిలోని మగ్గాలన్నిటికీ సరిపడా పని ఇచ్చి వెళ్ళారు. ఆ సంబరంలో ఎల్లప్ప, బల్లిని అంతగా తిట్టిన దోషం పోవాలని ఇంటిల్లిపాదినీ కంచికి తీసుకెళ్ళి బంగారు బల్లిని తాకించాడు. ప్రసాదం తెచ్చిచ్చిన చెల్లమ్మే మాకు చెప్పింది: "మా కలైయరసికి ఎంత భక్తి అనుకున్నావప్పా! మళ్ళీ వరసలో నిలబడి ఇంకోసారి తాకి వచ్చినాది."