ఎర్ర స్విచ్ పక్కన గంధపు బొట్టు

నలుగురు చేరినచోట చెప్పి నవ్వించడానికి కొన్ని తప్పులు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వేలూరులో మా ఇంటి వరండాలో కూర్చుని మొదటిసారి ఒక కంప్యూటర్‌ను విడిభాగాలు తెచ్చి బిగించిన రోజు, మీట నొక్కితే తెర నల్లగానే ఉండిపోయింది. రెండు గంటలు విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. కాఫీ తెచ్చిన నా భార్య తెర వెనక్కి చూసి, "ఈ వైరు సుమ్మా, ఊరికే వేలాడతా ఉండాదే, దీనికి పనేం లేదా?" అని అడిగింది. ఇంకోసారి ప్రాసెసర్ మీద బిగించే ఫ్యాను అడుగున ఉన్న పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని పీకకుండానే బిగించేశాను. కంప్యూటర్ వేడెక్కి పది నిమిషాలకోసారి ఆగిపోతుంటే, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టుకుంటూ వారం గడిపాను.

ఇవి చెప్పడం సులువు. నష్టపోయింది నేనే, నవ్వులపాలైందీ నేనే. ఇప్పుడు చెప్పబోయేదాన్ని మాత్రం రెండు నెలలపాటు ఎవరికీ చెప్పలేదు.

మా అక్కను గుడియాత్తంలో ఇచ్చారు. బావవాళ్లది లుంగీలు నేసే ఇల్లు. అక్క బడికి పోయింది తక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం గలగలా మాట్లాడుతుంది గాని రెండూ చదవలేదు. అంకెలు మాత్రం వస్తాయి. గళ్లలో ఏ రంగు పక్కన ఏది పడాలో, ఎన్ని పోగులు పడాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. కొత్త నమూనా కావాలంటే అట్టముక్కకు రంగు నూళ్లు చుట్టి చూపించేది.

నేను పత్రిక ఉద్యోగం నుంచి దిగాక, మా ఇంట్లో మిగిలిన భాగాలతో ఒక కంప్యూటర్ బిగించి వాళ్ల హాల్లో పెట్టాను. లెక్కలు వేసుకునే గడుల కాగితం లాంటిది తెర మీద తెరిచి, ఒక గడికి రంగు నింపడం అక్కకు చూపించాను. ఒక గడి అంటే రెండు పోగులని తనే నిర్ణయించుకుంది. నెల తిరిగేసరికి పేర్ణాంబట్టు దారిలో ఉన్న వ్యాపారికి నేయకముందే లుంగీ బొమ్మ ఫోన్లో పోతోంది. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి, "అమ్మా, మాకొకటి గీసియ్యి" అని కూర్చోవడం మొదలుపెట్టారు. అక్క నడకే మారిపోయింది.

ఆ ఏడు ఆయుధ పూజకు నేనూ వెళ్లాను. మా వైపు ఆ రోజు పనిముట్లన్నీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, బొరుగులు శనగలు ముందు పోసి దండం పెడతారు. ఆ సాయంత్రం నుంచి ఎవరూ వాటిని ముట్టుకోరు. మర్నాడు విజయదశమి పొద్దున కర్పూరం వెలిగించి పని మళ్లీ మొదలుపెడతారు. మగ్గం, నాడెలు, నూలు చుట్టే రాట్నం తుడిచే పని ఇంట్లోవాళ్లది. కంప్యూటర్ పని నాది. నిపుణుణ్ణి కదా.

మూత విప్పి బ్రష్షుతో లోపలి దుమ్మంతా దులిపాను. వెనక కరెంటు వైరు గుచ్చేచోట గీతల్లో మగ్గాల ఇళ్ల నూలుదూది గట్టిగా పేరుకుని ఉంది. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి గీకి గీకి తీశాను. తళతళలాడింది. అక్క వచ్చి గంధం అద్దింది. ముందువైపు మూడు బొట్లు, వెనక గాలి పోయే కంతల దగ్గర ఒకటి. నేను సాయంత్రం బస్సుకే వేలూరు వచ్చేశాను.

పొద్దున్నే బావ ఫోన్.

"ఏమప్పా, మీ అక్క కంప్యూటర్‌ను కాల్చేసింది. స్విచ్ వేసిందో లేదో డబ్ అని పేలినాది. పొగ! గంధం కుప్పకుప్పగా పూసింది గదా, లోపలికి దిగినాది."

వెంటనే బయల్దేరాను. హాల్లో కాలిన వాసన ఇంకా ఉంది. అక్క వంటింటి గడప దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. నేను పెట్టెను గోడ నుంచి జరిపి వెనక చూశాను.

కరెంటు వైరు గుచ్చేచోటి పక్కన చిటికెన వేలి గోరంత ఎర్రని స్విచ్ ఉంటుంది. ఒకవైపు 230, అది మన కరెంటు. ఇంకోవైపు 115, అది మనలో సగం వోల్టేజీ వాడే దేశాలకు. 115 వైపు ఉంచి మన ప్లగ్గులో పెడితే లోపల పేలక తప్పదు. ఆ స్విచ్ 115 మీద ఉంది. దూది గీకిన నా స్క్రూడ్రైవర్ దాన్ని అటు తోసేసింది. అక్క గంధపు బొట్టు దానికి బెత్తెడు దూరంలో, ఎండి, తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది.

గోటితో స్విచ్‌ను 230 మీదికి జరిపాను. ఎవరూ చూడలేదు.

"లోపల తేమ చేరినట్టుంది బావా," అన్నాను.

అంతే నేను ఆడిన అబద్ధం. పెట్టెను వేలూరు తీసుకుపోయి, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బాను మార్చి, వారంలో తెచ్చి ఇచ్చాను. కంప్యూటర్ బాగానే పనిచేసింది. వ్యవహారం ముగిసిందనుకున్నాను.

రెండు నెలల తర్వాత వెళితే కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. అక్క అట్టముక్కకు నూలు చుడుతోంది.

"ఇదేందక్కా?"

"నా చేతికి ఆ మిషన్ పడదురా. వొదిలెయ్."

బావ మగ్గం దగ్గర నుంచే అందుకున్నాడు. "విజయదశమి పొద్దున, కర్పూరం ఆరకముందే పేలితే మంచిదా చెప్పు? వీధిలో అందరికీ తెలిసిపోయింది."

ఆ వీధిలో ఎవరి మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినా, మొదటి పోగు అక్క చేత అతికించేవాళ్లు. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆ రెండు నెలల్లో ఒక్కరూ పిలవలేదట. చివరికి సొంత ఇంట్లో పడుగుకు కూడా పక్కింటామెను పిలిచారు. ఈ మాట అక్క చెప్పలేదు. బావే ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

అన్నం తింటూనే విషయం బయటపెట్టాను. స్విచ్ గురించి, గీకడం గురించి, తప్పు నాదేనని. బావ పెద్దగా నవ్వాడు.

"అక్కను కాపాడేదానికి బాగానే అల్లినావు. ఇన్నేళ్లు పేపర్లో రాసినోడివి, నీకు చెప్పాలా?"

అక్క నా విస్తట్లో ఇంకో గరిటె పులుసు పోసింది. "నా కోసం నువ్వెందుకురా నెత్తిన వేసుకుంటావు? పోనియ్యి."

నా అబద్ధాన్ని ఒక్క క్షణంలో నమ్మినవాళ్లు నా నిజాన్ని నమ్మలేదు. ఆమె కూడా.

పత్రికలో నేను ఎన్నో సవరణలు రాశాను. తప్పు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో పడుతుంది, సవరణ లోపలి పేజీలో మూలన నాలుగు వరుసల్లో వస్తుంది. అది ఎవరూ చదవరని మాకు తెలుసు. తెలిసే అక్కడ వేసేవాళ్లం. అన్నం ముందు నేను చెప్పింది అలాంటి నాలుగు వరుసలే. తప్పు వీధంతా వినేలా పేలింది. సవరణ కూడా అలాగే పేలాలి.

వేలూరులో నాకు తెలిసిన రిపేరు అంగడికి పోయి, పనిచేసే పాత ఎస్ఎంపీఎస్ డబ్బా ఒకటి కావాలన్నాను. ఎందుకన్నాడు. పేల్చడానికన్నాను. అతను నన్నొకసారి ఎగాదిగా చూసి, "చెడిపోయినవి బాగు చెయ్యమని అందరూ అడిగినారు సార్, బాగుండేది చెడిపేదానికి మీరే మొదలు," అని తుక్కులోంచి ఏరి ఇచ్చాడు.

ఆదివారం పదింటికి గుడియాత్తంలో వాళ్ల పెరట్లో, ఇటుకల మధ్య ఆ డబ్బా పెట్టాను. కంప్యూటర్ లేకుండానే దాని ఫ్యాను తిరిగేలా చిన్న తీగముక్క కలిపాను. ఇంట్లోంచి పొడుగు వైరు లాగి, స్విచ్ బోర్డు మాత్రం దూరంగా గడప దగ్గర ఉంచాను. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడ మీదుగా పక్కింటామె తల కనిపించింది. మంచిదే అనుకున్నాను.

"అక్కా, గంధం తీసుకురా. ఆ రోజెట్ల పెట్టినావో అట్లే పెట్టు."

"నీకేమన్నా పిచ్చా?"

"పెట్టక్కా."

భయంభయంగా ఒక బొట్టు పెట్టింది. ఇంకా పెట్టమన్నాను. నాలుగు పెట్టింది. చాలదన్నాను. విసుగొచ్చి గిన్నెలో మిగిలిందంతా డబ్బా మీద మెత్తేసింది. ఎర్ర స్విచ్ 230 మీద ఉందని బావకు చూపించాను.

"ఇప్పుడు బోర్డు దగ్గర స్విచ్ నువ్వే వెయ్యి."

"నేను వెయ్యను."

"వెయ్యి నా తల్లీ, నేనుండాను గదా."

మొహం పక్కకు తిప్పుకుని వేసింది. ఫ్యాను తిరిగింది. అలాగే తిరుగుతూ ఉంది. అక్క మెల్లగా తల ఇటు తిప్పి దాన్ని చూసింది. నిమిషం గడిచింది. ఏమీ కాలేదు.

వైరు పీకి, స్క్రూడ్రైవర్ మొనతో ఎర్ర స్విచ్‌ను 115కు జరిపాను. అందరూ చూసేలా, నిదానంగా. వైరు మళ్లీ గుచ్చి, అందర్నీ వెనక్కి పొమ్మని, గడప దగ్గరకొచ్చి ఈసారి నేనే స్విచ్ వేశాను.

డబ్ మంది. పెరట్లో కాకులు లేచిపోయాయి. డబ్బా కంతల్లోంచి పొగ సన్నగా లేచింది. ఇంట్లో ఫ్యూజు కూడా పోయినట్టుంది, హాల్లో టీవీ నోరు మూసుకుంది.

"ఏమమ్మా, దీపావళికి మిగిలిన టపాసులా?" అంది గోడ మీది తల.

బావ డబ్బా చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. వంగి ఎర్ర స్విచ్‌ను చూశాడు. "అయితే చెయ్యి మంచిది కానిది నీదప్పా," అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "ఇన్నారా అక్కా, మా బామ్మర్ది చేసిన పని!" అని గట్టిగా చెప్పాడు. సాయంత్రానికి వీధి చివరిదాకా పోతుందని నాకు నమ్మకం కుదిరింది.

అక్క నవ్వలేదు.

"ఆ పొద్దు వెనక చూసినావే, అప్పుడే తెలుసునా నీకు?"

"తెలుసక్కా."

"తెలిసి, దాన్ని జరిపి పెట్టినావు."

"పెట్టినాను."

"నేను ఆ వంటింటి గడప కాడే నిలబడి ఉంటిని."

కంప్యూటర్ పేలినందుకు నేనెంత సిగ్గుపడాలో నాకు తెలుసు. ఎవరైనా చేసే తప్పు అది. కాని ఆమెకు నాలుగడుగుల దూరంలో నా గోరు చేసిన పనికి కొలత లేదు. నిపుణుణ్ణి అన్న చిన్న పేరు నిలుపుకోవడానికి, ఆమెకున్న ఒకే ఒక పేరును తీసి ఇచ్చేశాను.

అక్క లోపలికి వెళ్లిపోయింది. బావ ఫ్యూజు తీగ వేస్తుంటే నేను నిచ్చెన పట్టుకున్నాను. కరెంటు వచ్చాక హాల్లోకి తొంగి చూస్తే దుప్పటి మడత పెట్టి కుర్చీ మీద ఉంది. అక్క తెర ముందు కూర్చుని గడులు నింపుతోంది. మెరూన్, తెలుపు, మళ్లీ మెరూన్. నన్ను పిలవలేదు, పొమ్మనలేదు. నా కాఫీ మాత్రం ఆ రోజు బావ తెచ్చాడు.

పక్కింటి మగ్గానికి మొదటి పోగు అతికించడానికి ఆమెను మళ్లీ పిలిచారని తర్వాత ఫోన్లో బావే చెప్పాడు.

ఈ ఏడు ఆయుధ పూజకు వెళితే, స్క్రూడ్రైవర్ ఉన్న నా సంచీని అక్క వాకిట్లోనే తీసేసుకుంది. "నువ్వు ఆడ కూర్చుని బొరుగులు తిను." దూది గీతల్లోంచి తనే పాత టూత్ బ్రష్షుతో తీసింది. వంగి ఎర్ర స్విచ్ మీది అంకెను వేలితో తడిమి, పైకే చదివింది. తర్వాత దాని పక్కన, పోయినేడు పెట్టినచోటే, గంధం అద్దింది.