శెట్టిగారింటి ఫ్రెంచి అయ్యవారు

నాగలాపురం దగ్గర మా ఊరి బడిలో ఇసుకలో అక్షరాలు దిద్ది, ఐదో తరగతితో చదువు ముగించినవాణ్ణి నేను. అయినా ఈ మద్రాసులో పసుపు వర్తకుల సంఘానికి కార్యదర్శిగా చేశాను. సౌకార్‌పేటలో తెలుగు గ్రంథాలయానికి గది సంపాదించిపెట్టాను. నా కొట్టు సరుకు ఓడలెక్కి సింగపూర్ దాకా పోయింది. ఇవన్నీ మావాళ్ళకు తెలుసు. ఇంత ఫ్రెంచి కూడా నేర్చానంటే మాత్రం మనవళ్ళు కూడా నమ్మరు. నేర్పినవాడు దేవరాజులు. వాడి సంగతి రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి నేనే రాస్తున్నాను.

పుదుచ్చేరి మన దేశంలో కలిసిన మరుసటి ఏడు అది. గోపాలస్వామి అనే నేను గోపాలయ్య శెట్టిగారి కొట్లో గుమాస్తాను. పసుపు, శొంఠి, మిరియాల టోకు వ్యాపారం. పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర తన కంపెనీకి మా పసుపు కొనేవాడు, కానీ మధ్యలో దళారి ఉండేవాడు. వాడు ఆడ ఒకటి, ఈడ ఒకటి చెబుతున్నాడని శెట్టిగారి అనుమానం. పెద్ద కొడుకు కోదండరాంకు ఫ్రెంచి వస్తే నేరుగా దొరతోనే మాట్లాడుకోవచ్చు కదా అని ఆయనకు తోచింది.

దేవరాజులు మా మేనత్త వైపు వాడు. పుదుచ్చేరి ముత్యాలపేటలో పుట్టి పెరిగాడు. ఒక ఫ్రెంచి జడ్జి ఇంట్లో బల్ల దగ్గర వడ్డించే పని చేసేవాడు. జడ్జి, దొరసాని ఓడెక్కి వెళ్ళిపోయాక పని వెతుక్కుంటూ మద్రాసు వచ్చి నా గదిలో దిగాడు. వాడు ఫ్రెంచి మాట్లాడటం నేను చెవులారా విన్నాను. గడగడా వచ్చేది. అందుకే శెట్టిగారికి నేనే చెప్పాను, నేనే పూచీ పడ్డాను. శెట్టిగారు వాణ్ణి శుక్రవారం అమ్మవారి గుడికి తీసుకుపోయి, తాంబూలం చేతిలో పెట్టి, పిల్లవాడు దొరతో మాట్లాడేదాకా నువ్వు మా ఇంటి మనిషివి అన్నారు. ఆ గుడిలో పుచ్చుకున్న తాంబూలమంటే ఇచ్చిన మాట, దానికి మా బజారులో ఎదురు లేదు.

కొట్టుపైన మిద్దె గది ఇచ్చారు. భోజనం ఇంట్లోనే. పాఠాలు బాగానే మొదలయ్యాయి. కోదండరాం 'అపోర్తే' అంటే తెండి, 'వెనే' అంటే రండి అని మెట్ల మీద అరుస్తూ తిరిగేవాడు. కొన్నాళ్ళయ్యాక ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, దేవరాజులు నా పక్కన మూటల మీద కూలబడి అసలు మాట చెప్పాడు.

"అబ్బా గోపాలస్వామీ, నాకు వచ్చిందంతా చెప్పేసినా. ఇంక లేదు."

లేకపోవడమేమిటి అన్నాను. ఆ ఇంట్లో తన చెవిన పడ్డవి పనులు చెప్పే మాటలేనట. తే, పెట్టు, తుడువు, నోరు మూసుకో. ఇవి దొరసాని తనతో అన్నవి. లోపలికి రండి, కూర్చోండి, ఇంకొంచెం వేసుకోండి. ఇవి వచ్చిన అతిథులతో అన్నవి. నాకు ఆకలిగా ఉంది, నిన్న వాన పడింది వంటివి వాడితో ఎవరు చెబుతారు? ఇక దొరలు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు వాడు వంటింట్లో ఉండేవాడు.

వచ్చినంతవరకు మాత్రం వాడు గట్టివాడు. నన్ను అక్కడే కూర్చోబెట్టి చెప్పాడు. నువ్వు తెస్తావు, మీరు తెస్తారు, మనం తెస్తాం అనే వాటిలో ముందున్న నువ్వునీ, మీరునీ, మనంనీ తీసేస్తే మిగిలేదే ఆజ్ఞ. 'అపోర్త్' అంటే తే. 'అపోర్తే' అంటే తెండి. 'అపోర్తోఁ' అంటే తెద్దాం. అచ్చం మన తెలుగు లాగే మూడు మెట్లు. వద్దనాలంటే మాటకు ముందు 'న', వెనక 'పా' చేర్చాలి, చేనుకు రెండు పక్కలా కంచె వేసినట్టు. నాకు ఒక్క పూటలో పట్టుబడింది. లెక్కలైనా భాషలైనా నాకు తొందరగా పట్టుబడతాయి, అది మా ఊరి అయ్యవారు కూడా అన్న మాటే. కోదండరాంకు మాత్రం దేవరాజులు మొదటి మెట్టు చెప్పనే లేదు. పొరపాటున దొరను పట్టుకొని 'తే' అంటే కొంప మునుగుతుందని వాడి భయం.

ఆ రోజుల్లోనే వాడి పెండ్లాం మంగళ ముత్యాలపేట నుంచి కబురు పంపింది. బజారు మొగలో పూటకూళ్ళకు తగిన చోటు ఒకటి ఖాళీ అయింది, ఆడి నెల, అదే ఆషాఢం, లోపల వచ్చి దిగకపోతే ఇంకొకరికి పోతుంది అని. సొంతంగా పూటకూటి ఇల్లు పెట్టడం వాడికి చిన్ననాటి కోరిక. చేప పులుసు పెడితే వీధి వీధంతా తొంగిచూసేది. అటువంటివాడు వెల్లుల్లి కూడా దూరని ఇంట్లో పప్పు అన్నం తింటూ, వచ్చిన పది ఆజ్ఞలనే తిప్పి తిప్పి చెబుతూ కూర్చున్నాడు. పారిపోతే పూచీ పడ్డ నా ఉద్యోగం పోతుంది. నిజం చెబితే ఇద్దరి పరువూ పోతుంది. వీధి గడప దాటబోతే చాలు, శెట్టిగారి తల్లి వాసవాంబగారు లోపలి నుంచి యాడికి అయ్యోరూ, కాఫీ తాగి పోండి అనేది. కాఫీ అయ్యేసరికి పాఠం వేళ అయ్యేది.

"అన్నీ పెడతారబ్బా ఈ ఇంట్లో. సెలవు ఒక్కటే పెట్టరు," అనేవాడు.

ఇంతలో శెట్టిగారు దొరను భోజనానికి పిలిచారు. ఆ వార్త విని దేవరాజులు గోడకు జారగిలబడ్డాడు. తరవాత, పోనీ, ఆనాటితో గుట్టు బయటపడుతుంది, తిట్టి పంపేస్తారు, అదీ ఒక దారే అన్నాడు.

దొర వచ్చాడు. ఎర్రగా, పొట్టిగా, చెమటలు కక్కుతూ. మడి ఇల్లు కాబట్టి ముందు హాల్లోనే బల్ల వేసి దానిమీద ఆకు పరిచారు. కోదండరాం చేతులు జోడించి 'అంత్రే' అన్నాడు. లోపలికి రండి. 'అసెయే వూ' అన్నాడు. కూర్చోండి. దొర ముఖం వెలిగిపోయింది. కూర్చుని ఏదో పొడుగ్గా అడిగాడు. పిల్లవాడు తెల్లముఖం వేశాడు. స్తంభం పక్కన దేవరాజులు కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు తలుపు వెనక నుంచి వాసవాంబగారు, దొరకు ఓలిగ వెయ్యమంటారేమో అడగరా అంది. బొబ్బట్టును మావైపు ఓలిగ అంటారు. కోదండరాం 'మాంజే' అన్నాడు. తినండి. ఓలిగ పడింది, నెయ్యి పడింది. దొర ఇంకో ప్రశ్న అడిగాడు. 'రెప్రెనే' అన్నాడు పిల్లవాడు. ఇంకొకటి వేసుకోండి. ఇంకో ఓలిగ పడింది. ఆ విధంగా దొర అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక వడ్డన జవాబైంది. దొర ఆకు మీద చేతులు అడ్డం పెట్టాడు. మా పక్క విందుల్లో వద్దన్నవాడికే రెండు ఎక్కువ వేస్తారు. వద్దనడం మొహమాటం, ఆ మొహమాటం తీర్చడం ఇంటివాళ్ళ ధర్మం. చేతుల సందులోంచే పులిహోర జారింది. దొర లేవబోయాడు. 'న పార్తే పా' అన్నాడు కోదండరాం. వెళ్ళకండి. పాపం, దొర మళ్ళీ కూర్చున్నాడు.

కడకు ఆయన తలుపు వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టి, శుభ్రమైన అరవంలో, చాలు చాలని మొర పెట్టుకున్నాడు.

"పోదుం అమ్మా, పోదుం. చాలు తల్లీ, ఇంక ప్రాణం పోతుంది."

శెట్టిగారు పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్ళుగా పుదుచ్చేరిలో ఉన్న దొరకు అరవం రాకుండా ఎలా ఉంటుంది? మాలో ఒక్కడికీ ఆ ఆలోచన తట్టలేదు, దళారి తట్టనివ్వలేదు. పక్కనే కూర్చుని ఇద్దరూ అరవంలో పసుపు బేరం కుదుర్చుకున్నారు. సరుకు తూకం నేనే చెప్పాను. తన భాషలో ఇంత ఆప్యాయంగా తినమన్నవాళ్ళు ఈ దేశంలో లేరని దొర అందరూ వినేలా అని, బొజ్జ పట్టుకుని కారెక్కాడు.

దేవరాజులుకు ఇదే సమయమనిపించింది. శెట్టిగారి ముందుకు వచ్చాడు.

"సామీ, పిల్లోడు దొరతో మాట్లాడినాడు. నా మాట తీరిపాయ. ఇంకొక సంగతి. నాకు ఫ్రెంచి రాదు. వడ్డించే మాటలే వచ్చు. నన్ను పంపించండి."

శెట్టిగారు వాడి భుజం తట్టి తల్లి వైపు చూసి నవ్వారు.

"చూసినావామ్మా అయ్యోరి అణకువ? చదువుకున్నోళ్ళు ఇట్నే ఉంటారు."

దేవరాజులు మళ్ళీ రాదన్నాడు. ఎంత రాదంటే శెట్టిగారికి అంత ముచ్చటేసింది. ఇంకా గట్టిగా అంటే, రేపటి నుంచి చిన్నవాళ్ళిద్దరికీ కూడా మీరే చెప్పాలి అయ్యోరూ అన్నారు. నేను కూడా, వాడు చెప్పేది నిజమే శెట్టిగారూ అన్నాను. స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నానని నన్నూ మెచ్చుకున్నారు.

ఆడి నెల పోయింది, బజారు మొగలో చోటూ పోయింది. మంగళకు ఓపిక నశించి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కుపోదామని మద్రాసు బస్సెక్కింది. గడపలో నిలబడి, ఆయన్ను పంపండి, సాయంత్రం బస్సుకు పోవాల అంది. వాసవాంబగారు ముందు లోపలికి రమ్మంది, కూర్చోమంది, తినమంది. తినే వచ్చినానమ్మా, ఆకలి లేదు అంది మంగళ.

నేను కొట్లోకి వెళ్ళి, సాయంత్రం బస్సు వేళ దాటాక తిరిగి వచ్చేసరికి ఆమె ఆకు ముందు కూర్చుని ఉంది, మూట ఇంకా ఒళ్ళోనే ఉంది. దేవరాజులు పక్కన నిలబడి నెయ్యి వడ్డిస్తున్నాడు.