తాత వీపు మీద నా కాళ్ళు

మా చిన్నప్పుడు డ్రిల్లు మేష్టారి ఈల వినబడితే చాలు, నా అరికాళ్ళకి చెమటలు పట్టేసేవి...

యుద్ధం రోజులవి, బళ్ళో డ్రిల్లు గట్టిగా చేయించేవారు. రాజాంలో నాలుగో క్లాసు చదువుతున్నాను. మేష్టారు మమ్మల్ని ఇసకలో వరసగా కూచోబెట్టి, కాళ్ళు బారచాపించి, మోకాలు లేవకుండా బొటనవేళ్ళు ముట్టుకోమనేవారు. అందరూ ముట్టుకునేవాళ్ళు. నా పక్కన కూచునే అప్పన్న, రైతుల పిల్లాడు, ఏకంగా నుదురు తీసుకెళ్ళి మోకాలికి ఆనించేసేవాడు! నా వేళ్ళు మాత్రం పిక్కల దగ్గరే ఆగిపోయేవి. తొడ వెనకాల నరం తాడులా బిగిసిపోయేది...

ఒక శనివారం మేష్టారు నా వెనక్కి వచ్చి బెత్తం నా వెన్నుకి నిలువుగా ఆనించి చూశారు.

"సూడండ్రా మన సావుకారుని! గల్లా కాడ కూకుని కూకుని నడుం వంగిపోతన్నాది. ఒరే, ఇలాగే ఉంటే మీ తాతలాగ గూనొచ్చేస్తాది!"

పిల్లలంతా గొల్లుమన్నారు. నేను గబుక్కున నడుం నిటారుగా పెట్టేశాను.

ఎందుకంటే మా తాత నడుం కొడవలిలా వంగిపోయి ఉండేది. నడుస్తుంటే ముఖం నేలకేసే. ఎవరితో మాట్లాడాలన్నా మెడ పక్కకి తిప్పి ఓరగా చూసేవాడు. ఆకాశం చూడాలంటే అరుగు మీద పడుకోవాల్సిందే పాపం... మాది చింతపండు, బెల్లం కొట్టు. బడికి ముందూ, బడి వదిలాకా నేను గల్లాపెట్టె ముందు మఠం వేసుకుని కూచోవాలి. అంటే నాకూ అదే గతి!

ఆ పూట అన్నం సయించలేదు. తలగడ తీసేసి కటిక నేల మీద పడుకున్నాను. మాటిమాటికీ చెయ్యి వెనక్కి పెట్టి వెన్నుపూసలు తడుముకునేవాణ్ణి... గూని పెరిగిందా? ఇంకాస్త పెరిగిందా? అమ్మతో చెప్పడానికీ భయమే. చెబితే నిజమైపోతుందేమో అని!

చివరికి అప్పన్నతో చెప్పాను.

"ఓస్, ఇంతేనా! దూలానికి ఏలాడరా. ఎన్నుపూస సాగి తిన్నగైపోతాది."

"నిజంగానా?"

"పొట్లకాయకి రాయి కడతారు కదా, తిన్నగా దిగదేటి?"

నిజమే కదా! మా పెరట్లో పొట్లకాయలకీ రాళ్ళు కట్టే ఉండేవి...

ఆ పై వారం, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోజనాలకి కూచున్నారు. కొట్లో బస్తాలు తూచే పెద్ద త్రాసు తగిలించడానికి ఎత్తుగా ఒక అడ్డకర్ర ఉండేది. చింతపండు బస్తాల మీదకి ఎక్కి, గోగునారతో రెండు కాళ్ళకీ చెరో తూకం రాయి కట్టుకున్నాను. కర్ర పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాళ్ళు వదిలేశాను.

అమ్మో! భుజాలు ఊడిపోయినంత పని అయింది. వెనక్కి బస్తాల మీదకి కాలు చాపబోయాను... రాదే! ఆ పాడు కాలు బిగుసుకుపోయింది, రాయేమో కిందికి లాగేస్తోంది. నేల ఎక్కడో ఉంది. గూని రాకుండా చూసుకోబోతే అసలు నడుమే విరిగేలా ఉంది! అరుద్దామంటే దొరికిపోతానని భయం. చెమటకి చేతులు జారిపోతున్నాయి...

"ఎవుడ్రా అది?"

తాత. చెయ్యి కడుక్కుని వస్తున్నాడు. తల ఎత్తలేడు కదా, ముందు నా పాదాలే కనబడ్డాయి ఆయనకి.

"ఓర్నాయనో! కాళ్ళకి రాళ్ళేటిరా!"

గబగబా ముళ్ళు విప్పేశాడు. పైకి చేతులు చాచి నన్ను పట్టుకోలేడు. అందుకని నా కిందకి జరిగి నిలబడ్డాడు.

"కాళ్ళెట్టీ నా ఈపు మీద."

"వద్దు తాతా... నీ మీద కాలెడితే పాపం..."

జారిపోతూ కూడా అదే అన్నాను. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇల్లండీ మాది! పడిపోతానన్న భయం ఒక పక్క, తాతని తొక్కేస్తానన్న భయం ఇంకో పక్క...

"ఆ పాపం నాకొగ్గీరా. నువ్వు కాళ్ళెట్టు నా బాబే!"

పెట్టాను. పీటలాగ, కదలకుండా ఉంది ఆ వీపు. ఏ గూనికి అంత భయపడ్డానో, నా రెండు కాళ్ళూ దాని మీదే ఆనాయి...

కిందికి దిగి, వెక్కుతూ వెక్కుతూ అంతా చెప్పేశాను. పొట్లకాయ సంగతి వినేసరికి నవ్వీ నవ్వీ ఆయనకి దగ్గొచ్చేసింది.

"ఓరి పిచ్చోడా! నాకిది కూకుంటే రాలేదురా. మనకి కొట్టు లేనప్పుడు పాతపట్నం సంతలో చింతపండు బస్తాలు ఈ ఈపు మీదే మోసీవోణ్ణి. నీకెందుకొస్తాది? నువ్వు మొయ్యకూడదనే కదరా నేను మోసినాను."

అయినా ఆ తర్వాత నన్ను గల్లా దగ్గర కూచోనివ్వలేదు. రోజూ సాయంత్రం అరుగు మీద నా కాళ్ళు చాపించి, బొటనవేళ్ళ దగ్గర బెల్లం ముక్క పెట్టి "అందుకోరా సూద్దాం" అనేవాడు. మోకాలు లేచిందా, ఆ ముక్క ఆయన నోట్లోకే! అలా అలా... ఒకరోజు అందేసిందండీ. ఆ బెల్లం తీపి ఇప్పటికీ నాలిక మీదుంది!

ఇదంతా ఈవేళ ఎందుకంటే... మా చిన్నమ్మాయి స్కూల్లో డ్రిల్లు టీచరు. ఈల అంటే వణికిపోయినవాడి కూతురి మెడలో ఈల, చూశారా! పొద్దున్న ఫోన్ చేసింది. "నాన్నా, మీ బెల్లం ముక్క పనిచేసింది! ఒక్క పిల్లాడు మిగిలిపోయాడన్నాను కదా, వాడికీ ఈరోజు వేళ్ళు అందాయి!" అంది. ఆనందం పట్టలేక నేను గంతేయబోతే, మా ఆవిడ రెక్క పట్టుకుని కుర్చీలో కూచోబెట్టింది!

ఫోన్ పెట్టేముందు ఇంకో మాట కూడా చెప్పింది... ఆ పిల్లాడి పుస్తకాల సంచి పక్కన పెడదామని ఎత్తితే ఆ బరువుకి తన చెయ్యే లాగేసిందట.

మా తాత దించేసిన బస్తా మళ్ళీ పిల్లల వీపు మీదకే వచ్చేసిందేమిటండీ...

మీ బొటనవేలి దగ్గర బెల్లం ముక్క పెట్టి, అందుకోమని కూచున్నవాళ్ళు మీకూ ఒకరు ఉండే ఉంటారు. ఎవరో చెప్పండి... వినాలని ఉంది.