పథ్యం వద్దన్న రోజు

మా మావయ్యకి లివర్ క్యాన్సర్. చప్పిడి తిండి మీద అత్తయ్యతో రోజూ గొడవే. ఉప్పు లేదు, పులుపు లేదు, చేపలు అసలే లేవు. ఆయనేమో పూటపూటా కొర్రమీను పులుసు అడిగేవాడు.

ఈ రోజు పొద్దున గుడివాడలో డాక్టరుగారు ఆయన్ని బయట కూర్చోబెట్టి, అత్తయ్యతో, నాతో, "ఇంక మందులతో తగ్గేది కాదండి. నొప్పి తెలియకుండా చూసుకుందాం. నోటికి ఏది హితవైతే అది పెట్టండి" అన్నారు. "సుఖంగా ఉంచడం కూడా వైద్యమే అత్తయ్యా" అని అన్నీ తెలిసినవాడిలా చెప్పి, దారిలో నేనే కొర్రమీను కొన్నాను.

మధ్యాహ్నం కంచంలో పులుసు చూసి మావయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"డాక్టరు ఏమన్నాడే?"

"తగ్గిపోతుందన్నారండీ."

"తగ్గేదైతే నువ్వు పథ్యం మాన్పించవు" అన్నాడు మెల్లగా. "ఇది తీసేసి మజ్జిగన్నం పెట్టు. ఉప్పెయ్యకు."

అత్తయ్య కంచం మార్చింది. నేను ఇంట్లో ఉండలేక నెట్ సెంటర్‌కి వచ్చి ఇది రాస్తున్నాను. నొప్పికి మాత్రలు రాసిచ్చారు గానీ, ఇక తగ్గదన్న మాట ఆయనకి ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. చివరికి చేపల పులుసుతో చెప్పించాను.

పులుసు మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుందంటారు కదా. గిన్నె మూత పెట్టినట్టే ఉంది. మీ ఇంట్లో అయితే ఎవరు తినేవారండీ?