మాట్లాడే క్యారేజీ

నేను నోరు తెరిచినప్పుడల్లా మా కోడలి చెయ్యి ఫోన్ మీదికి పోతోందని మొదట వంటింట్లో గమనించాను. కూరలబ్బాయి వంకాయలు తేనెలా ఉంటాయని చెప్పి అంటగట్టి పోయాడు. సంచీ విప్పుతూ, "తేనె అన్నాడంటేనే పురుగుందని అర్థం" అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ పక్కకు తిరిగి ఫోన్లో ఏదో కొట్టుకుంది. సరేలే, ఏదో పని అనుకున్నాను. మర్నాడు ఇంకో మాట అన్నాను. మళ్ళీ ఫోన్ బయటికొచ్చింది.

కాకినాడలో హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను. చొక్కా మడతల్లోంచీ జామెట్రీ పెట్టెల అడుగునుంచీ చీటీలు లాగిన కళ్ళివి. నా ఎదుట ఒకరు దొంగచాటుగా ఏదైనా రాసుకుంటే నాకు తెలియకుండా పోతుందా?

ఆ అమ్మాయిది వరంగల్ వైపు. మా అబ్బాయి ఇష్టపడి చేసుకున్నాడు. ముగ్గురం కొండాపూర్‌లో ఉంటాం. అబ్బాయిది అందరిలాంటి కంప్యూటర్ ఉద్యోగమే. ఆమెదే నాకు ఒక పట్టాన మింగుడు పడేది కాదు. కొత్తగూడలో ఒక చిన్న కంపెనీలో వీడియో గేముకు కథ రాస్తుందట, అదీ నవ్వొచ్చే కథ. జీతమిచ్చి నవ్వులాటలు రాయించుకునే కంపెనీ ఏమిటో, దాని వెనక ఏముందో అని చాలా రోజులు ఆలోచించాను.

ఒక ఉదయం బాల్కనీలో ఫోన్ పట్టుకుని ఆఫీసువాళ్ళతో మాట్లాడుతోంది. నేను గదిలో బట్టలు మడత పెడుతున్నాను. "ఇయ్యాల మా అత్తమ్మ ఏమన్నదో ఎర్కనా?" అంది. ఏదో చెప్పింది. ఫోన్లోంచి నలుగురైదుగురు విరగబడి నవ్వడం నాకు స్పష్టంగా వినిపించింది.

ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో నాకు మర్యాద ఉందా, లేక నేనొక నవ్వులాటనా? అది తేల్చుకోవాలి. నవ్వులాటనే అయితే కాకినాడలో నాకొక అద్దె ఇల్లు దొరక్కపోదు. అప్పటిదాకా నోరు కట్టేసుకోవాలని నిర్ణయించుకున్నాను.

అది ఎంత కష్టమో నాకే తెలుసు. సరుకులు తెచ్చినవాడు ఓటీపీ చెప్పమంటే నేను చెప్పను. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు రోజూ మొత్తుకుంటుంటే, హెల్మెట్ కూడా తియ్యని మనిషికి గుమ్మంలో నిలబడి అప్పజెప్పాలా? అంతకు ముందైతే వాడితో ఈ వాదన వేసుకునేదాన్ని, పాలు వెనక్కి పోయేవి, ఇల్లంతా గోలయ్యేది. ఇప్పుడు తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయి కోడల్ని పంపేదాన్ని. అన్నం దగ్గర కూడా ఊఁ, ఆఁ తప్ప మాట లేదు. మా అబ్బాయి రోజూ తింటూ ఫోనే చూస్తాడు కాబట్టి వాడికేమీ తేడా తెలియలేదు.

కోడలికి తెలిసింది. "అత్తమ్మా, పాణం మంచిగ లేదా? దవాఖానకు పోదమా?" అని రెండు మూడుసార్లు అడిగింది. అన్నం సగంలో వదిలేసి లేచిపోయేది కూడా. రాసుకోవడానికి సరుకు లేక పరేషాన్ అవుతోంది పాపం, అనుకున్నాను.

అప్పుడు పిలిచింది ఆఫీసుకు. "గేములు ఎన్నడూ ఆడనోళ్ళు కావాలె అత్తమ్మా. జర వస్తరా?" అంది. ఇంతమంది ఉండగా నేనే ఎందుకు? ఊరక రారు మహానుభావులంటారు, ఊరక పిలవరు కూడా. అందుకే వెళ్ళాను. దొంగను పట్టాలంటే దొంగ ఇంటికే వెళ్ళాలి కదా.

అక్కడి పద్ధతి విచిత్రంగా ఉంది. కొత్తవాళ్ళను తెర ముందు కూర్చోబెట్టి, వీళ్ళంతా వెనక నిలబడి చూస్తారు. ఎక్కడ తడబడినా నోరు మెదపకూడదు, దారి చూపకూడదు. బతుకంతా పిల్లల వెనక తిరిగి కాపలా కాసిన నాకు, నా వెనకే కాపలా. వీపు మీద చూపులు గుచ్చుకుంటుంటే బటన్లు నొక్కాను.

గేములో ఒక రాజ్యం. అక్కడ ఆకలిని ఎవరో దొంగిలించారు. రాజుకూ ఆకలి లేదు, బిచ్చగాడికీ లేదు. హోటళ్ళన్నీ మూతపడి వంటవాళ్ళు రోడ్డు మీద కూర్చుని ఏడుస్తున్నారు. ఆకలిని వెతికి తేవడానికి ఒక పిల్ల బయల్దేరుతుంది. ఆ పిల్ల నోట మాట రాదు, తలూపడమే. తోడుగా ఒక సొట్టలు పడ్డ స్టీలు క్యారేజీ. దారిలో వంకాయలు కత్తులు పట్టుకుని మీద పడతాయి, ఓడిపోతే క్షమించమని కాళ్ళు పట్టుకుంటాయి. నాకూ నవ్వొచ్చింది, బయటికి రానివ్వలేదు.

సంతలో ఒక వ్యాపారి వంగి వంగి దండాలు పెట్టి, మంత్రాల కత్తి ఊరికే ఇస్తానన్నాడు. క్యారేజీ మూత తెరుచుకుంది. "అతి వినయం ధూర్త లక్షణం. తీసుకోకు" అంది.

అది నా మాట. ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చినప్పుడు నేను హాల్లో కూర్చుని అన్న మాట. తర్వాత ఏటి దగ్గర పడవవాడు రహస్యపు మాట చెబితేనే దాటిస్తానన్నాడు. క్యారేజీ వాడితో వాదనకు దిగింది. "ఎవరికీ చెప్పొద్దన్నది నీకెలా చెబుతారయ్యా? ముందు ఆ తలపాగా తియ్, మొహం చూడాలి" అంది. పడవవాడు భోరుమన్నాడు. వెనకాల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

ఇంకేం సాక్ష్యం కావాలి? వాదన నాది, ఓటీపీ గొడవ నాది, ఆ సొట్టలు పడ్డ క్యారేజీ నేనే.

సంచీ నిండితే అక్కర్లేని వస్తువులు పారెయ్యవచ్చని ఆట మొదట్లోనే చెప్పారు. సంచీ తెరిచాను. తాడు, అరటిపండు, లాంతరు, క్యారేజీ. ఒక్కోదాని కింద 'వాడు', 'వదిలెయ్' అని రెండు మాటలు. చివరికి నన్ను చేసేది ఇదే కదా, ఎంత తేలిగ్గా చేస్తారో చూద్దామని క్యారేజీ మీద పెట్టి 'వదిలెయ్' నొక్కాను.

అంతసేపూ తలూపుతూ వచ్చిన పిల్ల ఆగింది. నా వైపు తిరిగింది. మొదటిసారి నోరు విప్పింది.

"గదొక్కటి అడగకు. ఇది మాట్లాడకుంటే నాకు బుక్క దిగదు."

బుక్క అంటే ముద్ద అని మా కోడలు వచ్చాకే నాకు తెలిసింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట. ఈసారి క్యారేజీ కూడా మూత కొంచెం ఎత్తి, "ఏమో, నాకు నమ్మకం లేదు" అంది.

వెనక ఒకబ్బాయి పద్ధతి తప్పి మాట్లాడేశాడు. "అక్కా, ఈ మాట ఎప్పుడు పెట్టినవ్? ఆడినోళ్ళెవ్వరూ క్యారేజీని వదల్లేదు కదా, మేమే చూడలే."

"ఆ బటన్ ఎవ్వరు ఒత్తరనుకున్న" అంది కోడలు. నేను వెనక్కి తిరగలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను.

బయటికొచ్చాక ఫ్లైఓవర్ కింద ఆటో కోసం నిలబడ్డాం. ఉండబట్టలేక అడిగాను, అది ఎప్పుడు రాశావని.

"మీరు మాట్లాడుడు బంద్ చేసినంక" అంది, రోడ్డు వైపు చూస్తూ. "ఇల్లు ఇల్లు లెక్క లేకుండె అత్తమ్మా. మిమ్మల్ని అడుగుదమంటే భయమైంది."

"నిజమేనా, ఇప్పుడే అల్లుతున్నావా? కథలు రాసేదానివి" అన్నాను. అనుమానం అంత తొందరగా పోదు నాకు. కానీ ఆమె అన్నం సగంలో వదిలేసిన కంచాలు గుర్తొచ్చాయి. వీళ్ళు నవ్వుకున్న మాట అబద్ధం కాదు. ఆ నవ్వుకు అర్థమే నేను తప్పుగా చెప్పుకున్నాను.

ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు చేతులు జోడించినంత పని చేశాడు. "కూసోండ్రి అమ్మా, మీ దగ్గర బేరమేంది, ఎంతిస్తే గంత" అన్నాడు.

ఇన్ని రోజులు కట్టేసుకున్న నోరు ఊరుకోలేదు. "ఇలాంటివాణ్ణే నమ్మి శనగలు నానబోస్తే పుచ్చి బుర్రలవుతాయి" అన్నాను.

కోడలి చెయ్యి ఫోన్ మీదికి పోయింది. సగంలో ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

నేను ఆటో ఎక్కి, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను. ఆమె రాసుకోవడానికి వీలుగా, ఆ మాట మళ్ళీ మొదటినుంచి నెమ్మదిగా చెప్పాను.