మూడు వాటాల పెట్టె

గురగురమని ఓ చప్పుడు, నిద్రలో పిల్లి ఊపిరిలా. బల్ల కింద పాత కంప్యూటర్ ఫ్యానుది అది. దాని మీద చెయ్యి ఆనించి, కాపలా ఉన్నట్టు కూర్చుంది ఆసుపత్రి ల్యాబులో రిజిస్టర్లు చూసే రిజిస్టరక్క. ఆ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల రక్తపరీక్షల రిపోర్టులు ఆవిడ వేళ్ల మీదుగా అందులోకి ఎక్కినవే. అవి పోతే పాత రోగులకు జవాబు చెప్పుకోవలసింది ఆవిడే.

అక్కడ కంప్యూటర్లు చూసే కుర్రాడు, ఆవిడ తమ్ముడని పిలిచేవాడు, ఇటుకంత సర్వర్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నీ కంప్యూటరూ, ఎక్స్‌రే గదిదీ, మందుల గదిదీ, మూడూ ఇందులోకి ఎక్కించానక్కా. వర్చువల్ మెషీన్లంటారు. దేని దారి దానిదే."

"ఎవరి చెవిలో పువ్వులు పెడతావురా?"

"ఒకే ఇంట్లో మూడు వాటాలనుకో."

"వాటాలకి గోడలుంటాయి. ఏవీ, చూపించు."

అతను నవ్వుతూ, కొత్త పెట్టెకు తగిలించిన తెరను ఆవిడ వైపు తిప్పాడు. ఆ నవ్వుతో ఆవిడ అనుమానం మరింత ముదిరింది.

తెర మీద పాత ప్రోగ్రామ్ తెరిచింది. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. అలా ఉండటమే ఆవిడకు నచ్చలేదు. అందుకే సరైన రిపోర్టులేవీ వెతకలేదు. ఉద్యోగంలో చేరిన వారంలో ఓ పోస్ట్‌మ్యాన్ వయసు మూడువందల నలభై అని కొట్టి, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆ తప్పును వెతికింది. మూడువందల నలభై ఏళ్ల పోస్ట్‌మ్యాన్ చెక్కుచెదరకుండా తెర మీదికి వచ్చాడు.

తమ్ముడు పాత కంప్యూటర్ ప్లగ్గు పట్టుకున్నాడు. "ఇక పీకెయ్యనా?"

"నా తప్పు నాకు దొరికింది, సరే. మిగతా రెండు వాటాలవాళ్లనీ పిలువు. వాళ్ల తప్పులు వాళ్లు వెతుక్కోనీ. అప్పటిదాకా ఈ పాతదాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా."