మామను జూమ్ చేసిన అల్లుడు

మా అత్తగారింటి గోడకు ఒక ఫోటో వేలాడుతుంది. దాని వెనుక జరిగిన ఘోరం చెబుతాను. ఇది చదివాక మీరు నన్ను కెమెరాతో ఏ పెండ్లికీ పిలవరు. ఇప్పుడు కూడా ఎవరూ పిలవడం లేదు కాబట్టి నాకు పోయేదేమీ లేదు.

గోదావరిఖని బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెల చప్పుడుకు నిద్రపోయి, గిన్నెల చప్పుడుకే లేచిన మనిషిని నేను. మా నాయన నాకు నేర్పిన వ్యాపారశాస్త్రం చాలా చిన్నది. వస్తువును చేత్తో పట్టుకుని బరువు చూడాలి. అమ్మేవాడు ఏ సరుకును పొగుడుతున్నాడో ఆ సరుకు అమ్ముడుపోవడం లేదని తెలుసుకోవాలి. వంకాయల నుంచి పెండ్లి సంబంధం దాకా అన్నీ నేను ఈ లెక్కనే చూసుకున్నాను. (పెండ్లి సంబంధంలో బరువు చూడలేదు లెండి. స్వరూప ఇది చదువుతుంది.)

స్వరూప నాన్న రాజయ్య మామది బాయిలో పని. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటాం. మా పెండ్లయిన ఏడాదే ఆయన రిటైర్మెంటు వచ్చింది. ఆఖరి డ్యూటీ చేసి పైకి వచ్చిన మనిషికి తోటివాళ్లు దండలు వేస్తారు. గేటు బయట ఇంటివాళ్లు డప్పులు పెట్టుకుని ఎదురుచూస్తారు. గులాల్ చల్లుకుంటూ ఇంటిదాకా ఊరేగిస్తారు. పెండ్లికొడుకుకు కూడా అంత మర్యాద జరగదు. నాకైతే జరగలేదు.

ఆ పండుగకు ముందు ఓ ఆదివారం, భోజనాలయ్యాక మామ నన్ను పక్కకు పిలిచాడు. తువ్వాల అంచు మెలిపెడుతూ మెల్లగా అన్నాడు.

"అల్లుడా, నా ఫోటోలన్నిట్ల తెల్లముఖమే ఉన్నది. పెండ్లిల పౌడరు, డ్యూటీ కార్డుల మీద పౌడరు. నల్లగున్నప్పుడు ఎవ్వలు తియ్యలే."

"నల్లగంటే?"

"బాయిల నుంచి ఎక్కినంక ఉండే ముఖం. బొగ్గు ముఖం. బతుకంత గా ముఖంతోనే గడిచింది, నేనే సక్కగ చూసుకోలే. ఆఖరి దినం పైకి రాంగ ఒక్కటి తియ్యి. ఒక్కసారి తానం జేసినంటే మల్ల దొరకది."

"ఫికర్ చెయ్యకు మామా, నేనున్న గద" అన్నాను. నేను ఈ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నష్టపోయారు.

ఫోనుతో తీస్తే సరిపోయేది కదా అంటారు మీరు. స్వరూప కూడా అదే అన్నది. కానీ కెమెరా కొనాలని నాకు ఎప్పటినుంచో ఉంది. సాకు ఇంత పవిత్రంగా దొరుకుతుందని మాత్రం అనుకోలేదు.

జహీర్ భాయ్‌ది ఫోటో స్టూడియో, కెమెరాలు కూడా అమ్ముతాడు. బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి మిర్రర్‌లెస్, కొత్తగా నేర్చుకునేవాళ్ల మోడలు, చూడడానికి పోపుడబ్బా అంత. రెండోది బ్రిడ్జి కెమెరా. దాని లెన్సు ఊడదు, మార్చడానికి రాదు. కానీ మీట తిప్పితే ఏనుగు తొండం చాపినట్టు ముందుకు సాగుతుంది.

"ఇది తీస్కో" అని జహీర్ భాయ్ పోపుడబ్బాను నా వైపు జరిపాడు. "లోపట వెలుగు పట్టే సెన్సారు పెద్దగుంటది. ఫోటో సాఫ్ వస్తది. తర్వాత కావాలంటే వేరే లెన్సు పెట్టుకోవచ్చు."

అమ్మేవాడు పొగిడాడు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"లెన్సు వేరే కొనాల్నా? మా దుకాణంల డబ్బా కొన్నోనికి మూత వేరే అమ్మితే మల్ల మెట్లెక్కడు భాయ్."

"ఒక లెన్సు దీనితోనే వస్తది."

"పేరేంది అన్నవ్?"

"మిర్రర్‌లెస్. పాత కెమెరాల లోపట అద్దం ఉంటుండె. దీంట్ల ఉండది."

"అద్దం తీసేసిండ్రు గద. మరి అద్దం పైసలు తగ్గియ్యి."

జహీర్ భాయ్ పోపుడబ్బాను ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. స్టూడియో తెరిచిన నాటి నుంచి ఆయనను ఎవరూ ఈ ప్రశ్న అడిగి ఉండరు. నా పుట్టుకకు సార్థకత దొరికినట్టు అనిపించింది.

"అచ్ఛా, ఒకటి చెప్పు" అన్నాడు చివరికి. "గా పెద్దదాని సెన్సారు చిన్నది. ఎండల మంచిగనే తీస్తది, చీకటైతే ఫోటోల రవ్వ పోసినట్టు చుక్కలొస్తయ్. పక్షులకు, పులులకు పనికొస్తది. నువ్వు ఎవల్ని తియ్యాలె?"

"మా మామను."

"మామ ఎగురుతడా?"

"లేదు."

"మీదపడి కరుస్తడా?"

"ఇప్పటిదాకా కరువలే."

"మరి జూమ్ ఎందుకు భాయ్? నడుసుకుంట దగ్గరికి పో. అల్లునివి, ఎవ్వలు ఆపరు."

ఇంత బంగారం లాంటి మాటను నేను ఆ రోజు అమ్ముడుపోని సరుకు కింద జమ కట్టాను. బ్రిడ్జి కెమెరాను చేతిలోకి తీసుకున్నాను. మా దుకాణంలో పెద్ద కుక్కర్‌కు ఉండే నిండుతనం ఉంది. తలుపులో నిలబడి, తొండం పూర్తిగా చాపి, వీధి చివరికి గురిపెట్టాను. మా నాయనకు బద్ధ విరోధి అయిన ఇంకో స్టీలు దుకాణం లోపల, గోడ మీద రాసిన తగ్గింపు ధరలు కండ్ల ముందుకు వచ్చి నిలబడ్డాయి. మా వంశంలో ఎవరికీ దక్కని దృశ్యం అది.

"ఇదే కట్టు" అన్నాను.

ఆపైన ఊరికే బ్యాగు అడిగాను, ఇచ్చాడు. మెమరీ కార్డు అడిగాను, ఇచ్చాడు. తుడుచుకునే గుడ్డ, స్టాండు కూడా అడిగాను.

"ఇంకేమన్న ఉందా భాయ్?"

"దుకాణం షట్టరు తాళం ఒక్కటి మిగిలింది. అది గుడ తీస్కపో" అన్నాడు.

ఆఖరి డ్యూటీ రోజు రానే వచ్చింది. మొదటి షిఫ్టు వదిలే వేళకు గేటు ముందు డప్పులు, జనం, గులాల్. నా కెమెరా తెరకు అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా నేనింకా తీయలేదు. ఎదురుగా ఉన్న హోటల్ మెట్లెక్కుతుంటే స్వరూప పట్టుకున్నది.

"ఎటు పోతున్నవ్?"

"హోటల్ మీదికి. కింద బొగ్గు దుమ్ము, గులాలు. లెన్సుల పడితె ఖరాబైతది."

"బాపు ఇక్కడ నడుస్తుంటె నువ్వు అక్కడ ఉంటవా?"

"జూమ్ ఉంది గద. మీసంల వెంట్రుకలు గుడ లెక్కబెడత."

"వెంట్రుకలు ఎవలు అడిగిండ్రు నిన్ను? ముఖం తియ్యి."

"సరే, బాపు రాంగనే నువ్వు చున్నీ ఊపు."

ఏర్పాటు బాగానే ఉంది. కానీ తొండం పూర్తిగా చాపిన కెమెరాలో కన్ను పెట్టిన మనిషికి లోకంలో అరచేతి మేర తప్ప ఇంకేమీ కనబడదు. చున్నీ కాదు, స్వరూప ఎగిరి గంతులేసినా కనబడదు. గేటులోంచి మనుషులు రావడం మొదలైంది. అందరిదీ ఒకటే రంగు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మామ ఎప్పుడూ స్నానం చేయకుండా అల్లుని ఎదుటికి వచ్చేవాడు కాదు. అంటే ఏ ముఖాన్ని తియ్యమన్నాడో ఆ ముఖాన్ని నేను ఎన్నడూ చూసి ఎరుగను.

దండ కనబడింది. బంతిపూల దండ, దాని పైన నల్లటి ముఖం, తెల్లటి పండ్లు, హెల్మెట్ మీద దీపం. నవ్వుతున్నాడు. కనుబొమ్మల్లో ఇరుక్కున్న బొగ్గు పొడి కూడా స్పష్టంగా ఉంది. కార్డు నిండేదాకా నొక్కాను.

దిగివచ్చేసరికి ఊరేగింపు వెళ్లిపోయింది. ఇంటికి చేరేసరికి మామ స్నానం చేసి, పౌడరు రాసుకుని కూర్చున్నాడు.

"ఊపి ఊపి నా చెయ్యి గుంజింది. చూసినవా?" అన్నది స్వరూప.

"చూసిన, చూసిన."

"వచ్చిందా అల్లుడా?" అన్నాడు మామ. ఆ గొంతులో ఆశ ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

"మామా, గోడ సరిపోదు" అన్నాను. చూపించమంటే చూపించలేదు. ఫ్రేము కట్టనిదే సరుకు బయటపెట్టే అలవాటు మాకు లేదు.

మరునాడు దావత్. మామ తోటి కార్మికులంతా వచ్చారు. తలుపంత ఫ్రేమును గోడకు ఆనించి, పైన తువ్వాల కప్పి, అందరూ చూస్తుండగా దర్జాగా లాగాను.

"అబ్బ" అన్నారు జనం. మామ ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, తన ప్లేటును చూసుకున్నాడు. అత్తమ్మ ముందుకు వచ్చి తల పక్కకు వంచింది.

"ఫోటో మస్తుగున్నది అల్లుడా. గీయన ఎవలు?"

"అదేంది అత్తమ్మా, మామ గద."

"ఇన్నేండ్ల సంది గా ముఖం మీదికి నీళ్లు కాగబెడుతున్న. నాకు తెల్వదా? గీ ముక్కు మా ఇంట్ల లేదు."

మూలన ఒకాయన చేతిలో మటన్ బొక్కతో లేచి నిలబడ్డాడు. మామ దోస్తు ఓదెలు కాక.

"వదినె, అది నేను."

బొగ్గు గనుల ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది: ఆ నెలలో వయసు నిండినవాళ్లంతా నెలాఖరున ఒకే రోజు రిటైర్ అవుతారు. అంటే దండలు ఒకరికే పడవు. గిన్నెల మధ్య పెరిగినవాడికి ఇది తెలియలేదు. కార్డు మొత్తం వెతికాం. అంతా ఓదెలు కాకే. ఒక్క ఫోటో అంచున మాత్రం ఇంకెవరిదో చెవి, కొంత దండ ఉన్నాయి.

అత్తమ్మ దగ్గరికి వంగి చూసింది. "ఇగో, గీ చెవి మాత్రం ఆయనదే" అన్నది.

మామ కోపం చేస్తే బాగుండేది. "పోనీ తియ్యి" అన్నాడు. "ఓదెలు, ఫోటో నువ్వు తీస్కపో."

ఓదెలు కాక సంబరపడిపోయాడు. "అల్లుడా, గిట్లాంటిదే చిన్న సైజుల ఇంకోటి ఇస్తవా? ఫ్రీగనే గద" అని అడిగాడు. నా ముందే బేరం. ఇచ్చాను.

జనం పోయాక మామ అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. అత్తమ్మ కొంతసేపు చూసి, వంటింట్లోకి పోయి రొట్టెల పెనం తెచ్చి, దాని అడుగును అరచేత్తో రుద్దింది.

"ఇటు తిరుగు" అన్నది.

"ఏంది?"

"మూసుకో కండ్లు."

మసి పూయడం మొదలుపెట్టింది. "ముక్కు పక్కపొంటి దండిగ ఉంటది. కండ్ల కింద చెమటకు పోతది, గాడ వద్దు. చెవుల ఇంత." ఒక్కచోట కూడా తడుముకోకుండా, రోజూ తాను నీళ్లు కాగబెట్టి కడిగించిన ముఖాన్ని మళ్లీ తెచ్చి పెట్టింది. ఓదెలు కాక ఇంటికి ఉరికి తన హెల్మెట్ తెచ్చాడు. నేను ముడుచుకున్న తొండంతో, గేటు దగ్గర నిలబడాల్సినంత దూరంలో నిలబడ్డాను.

"ఇంక దగ్గరికి రా అల్లుడా. నేనేం కరువ" అన్నాడు మామ, నవ్వాడు. ఆ నవ్వునే పట్టుకున్నాను.

ఇప్పుడు రెండు ఫోటోలూ రెండు ఇండ్లలో ఉన్నాయి. బాయిలో పనిచేసినవాళ్లు వచ్చి రెండూ చూస్తారు. మామ ఫోటో ముందు నిలబడి, "ముఖమంటే గిది. అసలు బొగ్గు" అంటారు. ఓదెలు కాక ఇంట్లో మాత్రం, "ఏదో పూసుకొని తీయించుకున్నవ్ గద కాక, తెలుస్తనే ఉన్నది" అంటారట. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు.

అందుకని మా దుకాణం తరాజు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుంటున్నాను. నా వాళ్లను ఇక జన్మలో నా చెయ్యి అందనంత దూరం నుంచి ఫోటో తీయను. తీసే ముందు ముఖం ఎవరిదో అత్తమ్మను అడిగి రూఢి చేసుకుంటాను. మొన్న జహీర్ భాయ్ దగ్గర ఆ పోపుడబ్బాను కూడా తల వంచుకుని కొన్నాను, అద్దం ఊసే ఎత్తలేదు. మిర్రర్ లేనందుకు బదులుగా ఇంకో బ్యాగు అడిగాను. అది ఒట్టు కిందికి రాదు.